కుక్కర్ పెట్టె

పోయిన నెల మా మనవరాలు టీవీలో ఒక సినిమా పెట్టింది. 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' దాని పేరు. పాయల్ కపాడియా తీసింది. 2024లో కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి బహుమానం వచ్చింది. మన దేశంలో థియేటర్లకు తెచ్చింది రానా దగ్గుబాటి కంపెనీ. పాటలు లేవు, ఫైటింగులు లేవు. మాటలు ఎక్కువ మలయాళం, కొంత హిందీ, మరాఠీ. మలయాళం వచ్చినప్పుడల్లా మనవరాలు కింద అక్షరాలు చదివి చెప్పింది.

కథ మన ముంబైదే. దవాఖానలో పనిచేసే ముగ్గురు ఆడోళ్లు. అందులో వంట చేసే పార్వతి మొగడు మిల్లులో చేసి చనిపోయిండు. ఇరవై ఏండ్లకు పైన ఉన్న ఖోలీకి ఆమె దగ్గర కాగితం లేదు, బిల్డర్ ఖాళీ చెయ్యమంటడు. ఈ బాధ మీకు నేను చెప్పాల్నా? ఇంతకు ముందు చాలా రాసిన. ఇయ్యాల నర్సు ప్రభ సంగతి రాస్త.

ప్రభకు పెద్దలు పెండ్లి చేసిండ్రు. మొగడు జర్మనీ పోయిండు. ఏడాది దాటింది, ఫోన్ కూడా లేదు. ఒకనాడు జర్మనీ నుంచి అన్నం వండే కరెంటు కుక్కర్ వస్తది. చీటీ లేదు, పేరు లేదు. రాత్రిపూట ఆమె కింద కూర్చొని ఆ కుక్కర్‌ను ఒడిలోకి తీసుకొని గట్టిగా పట్టుకుంటది. నాకు నవ్వొచ్చింది. పక్కకు చూస్తే మా ఇంటామె నవ్వుతలేదు.

"నువ్వు స్టవ్వు పంపలేదా?" అన్నది.

పంపిన. 1981లో, ఊరికి పోయేటాయన చేతికిచ్చి, బత్తీల స్టవ్వు. అప్పుడు నేను బదిలీ కార్మికుణ్ని. ఒక్క ఖోలీలో పన్నెండు మందిమి. రాత్రి పాలి చేసి వచ్చినోడు పగటి పాలికి పోయినోని చాపలో పండుకునేది. పెండ్లాన్ని ఎక్కడికి తెచ్చేది? ఏడాదికి పదిహేను రోజులు, అదే మా సంసారం. 1982 జనవరిలో సమ్మె పడ్డది. వట్టి చేతులతో పోవుడు సిగ్గనిపించి రెండేండ్లు ఊరి ముఖమే చూడలే. ఆమె ఇక్కడికి వచ్చింది 1987లో, నేను భివండీలో సాంచాలు నడుపుతున్నప్పుడు.

సినిమాలో ఇంకో నర్సు, చిన్నపిల్ల, అను. ముస్లిం పిలగాణ్ని ప్రేమిస్తది. అంత పెద్ద పట్నంలో ఇద్దరికీ చాటు దొరకది. బురఖా కొనుక్కొని అతని ఇంటికి బయలుదేరితే వానకు రైళ్లు ఆగుతయి. చివరికి పార్వతి సొంతూర్లో, సముద్రం దగ్గర, కలుసుకుంటరు. ఆ సీను దాపరికం లేకుండనే చూపించిండ్రు. పక్కన మనవరాలు ఉండె, నీళ్లు తాగొస్తనని లేచిన. "కూసో," అన్నది మా ఇంటామె, "వాళ్లకన్నా జాగ దొరికింది."

ఇసొంటి సినిమాలు పిల్లల్ని చెడగొడతయని మన బస్తీలో కొందరంటున్నరు. నాకట్ల అనిపించలే. మేము పెండ్లయినోళ్లమే, ఖోలీ నడుమ చీర అడ్డం కట్టుకొని, అవతల ఎవరన్నా దగ్గితే ఊపిరి బిగపట్టినోళ్లం. దాని గురించి ఒక్కనాడు కూడా మాట్లాడుకోలే.

ఆ రాత్రి ఆమె మాట్లాడింది. సమ్మె నాళ్లలో ఊర్లో అందరూ "నీ మొగడు బొంబాయిల ఇంకొకదాన్ని పెట్టుకున్నడు" అనేటోళ్లట. "ఉండెనా?" అని అడిగింది. నలభై ఏండ్లు మనసులో పెట్టుకొని ఇప్పుడు అడిగింది. లేదన్న. నిజమే చెప్పిన.

మా ఖోలీలోంచి పగార్ నాడు కామాఠిపురా గల్లీలకు పోయేటోళ్లు ఉండె. నేను కూడా ఒకసారి మూల దాకా పోయి, కాసేపు నిలబడి, తిరిగొచ్చిన. అది మాత్రం ఆమెకు చెప్పలే. ఆమెకు చదువు రాదు. ఈ పేజీ నెలనెలా మనవరాలే చదివి వినిపిస్తది.