నెత్తుటి చుక్కకు లెక్క

తాండూరు కందులకు 2022వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే. ఆ కంది యంతరించిపోవునను భయమును మనకంతగా లేదు. 1972లో పటాన్‌చెరువున స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థవారి విత్తన భాండాగారమున లక్షకు పైగా విత్తన రకములు, అందు వేలకొలది కంది రకములు, సున్నకు 20 డిగ్రీల దిగువ చలిలో భద్రముగా నున్నవి. ఏ రకము ఏ ప్రాంతమునుండి వచ్చినదో లెక్క కలదు. కందిగింజకు జరుగుచున్న యీ మర్యాద, కందిచేను దున్నువాని నెత్తుటి చుక్కకు జరుగుచున్నదా యని మేమడుగుచున్నాము.

వికారాబాదు జంక్షనులో ప్రొద్దుటి రైలునకు వేచియుండు తల్లుల నెవరైనను చూడవచ్చును. తలసీమియా సోకిన బిడ్డకు రెండు మూడు వారములకొకసారి నెత్తు రెక్కింపవలెను. సోకినదనుట పొరపాటు; అది తల్లిదండ్రు లిద్దరినుండియు సంక్రమించిన లోపము. ఇట్టి వ్యాధులు వందలు కావు, వేలున్నవి. వీనిలో ననేకములకు కారణమైన జన్యువును గుర్తించుటకు వ్యాధిగ్రస్తుల రక్తమును, కుటుంబ చరిత్రను కలిపి, యేండ్ల తరబడి కాపాడు జీవభాండాగారము కావలెను. నెత్తురెక్కించు బ్లడ్‌బ్యాంకు వేరు, ఇది వేరు.

పరదేశముల గ్రంథములు మనకు చాలవు. హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు విదేశీయులతో కలిసి 2017లో ప్రకటించిన పరిశోధన దీనిని తేటపరచినది. కులములోనే పెండ్లియాడు మన యాచారమువలన ననేక సమాజములు కొలదిమంది పూర్వికుల సంతతియై, వారి లోపములను నేటికిని మోయుచున్నవి. శస్త్రచికిత్సలో కండరములను సడలించుట కిచ్చు నొకానొక మందు మన వైశ్యులలో కొందరి శరీరమున శీఘ్రముగా విరుగదు. నిమిషములలో తిరిగిరావలసిన శ్వాస గంటలకు గాని రాదు. ముందే తెలిసిన వైద్యుడు వేరొక మందు నిచ్చును. తెలియనిచో? ఇది యొక్క వైశ్యులకే గలుగు దోషమని యెవరును తలంపరాదు. పరీక్షింపబడిన సమాజము వారిది. పరీక్షింపబడనివి మిగిలిన మనవి.

జీనోమ్ ఇండియావారు 10,000 మంది భారతీయుల జన్యు వివరములను 2025 జనవరిలో విడుదల చేసిరి. నమూనాలు బెంగుళూరున, వివరములు ఫరీదాబాదున నున్నవి. స్వదేశమున జరిగిన యీ కార్యమునకు గర్వింతుము. కాని యది ఆరోగ్యవంతుల పటము. రోగుల నమూనాలను కుటుంబములవారీగా చేర్చు పని మిగిలియేయున్నది. హైదరాబాదున సి.డి.ఎఫ్.డి. సంస్థ పిల్లల యరుదైన జన్యువ్యాధులపై పనిచేయుచున్నది. దానికి జిల్లాలే కాళ్లు చేతులు కావలెను.

భవనము కట్టుట సులభము. ప్రారంభోత్సవమునకు పెద్దలు వత్తురు, పూలదండలు పడును. సున్నకు 80 డిగ్రీల దిగువ చలిని పగలు రేయి నిలుపుట కష్టము. 2012లో అమెరికాలో బోస్టన్ సమీపమున నొక ప్రసిద్ధ భాండాగారమందు శీతలయంత్ర మాగిపోగా, హెచ్చరిక గంటయు మ్రోగక, నూటికి పైగా దానమిచ్చిన మెదళ్లు చెడినవి. అంతటి సంపన్న దేశముననే యిట్లయిన, వేసవిలో కరెంటు పోవు మన పట్టణముల మాట చెప్పనేల? డీజిలు ఖర్చు, గుమాస్తా జీతము, రెండవచోట దాచు ప్రతి — వీనికి ఇరువదేండ్ల పద్దు ముందు వ్రాయకుండ మొదటి సూది గ్రుచ్చుట ద్రోహము.

అంతకంటె పెద్దది నమ్మకము. అమెరికాలో హవసుపాయి యను ఆదిమజాతివారు మధుమేహ పరిశోధనకని 1990 మొదలు తమ రక్తమిచ్చిరి. దానిని వారెరుగకుండ నితర పరిశోధనలకు వాడిరి. 2010లో విశ్వవిద్యాలయము ఏడులక్షల డాలర్లిచ్చి, రక్తమును తిరిగి యప్పగించినది. మన వైద్య పరిశోధనా మండలి 2017లో మంచి నిబంధనలు వ్రాసినది. కాని తాండూరు బజారున తెలుగు, ఉర్దూ, కన్నడము వినబడును. తండాలలో లంబాడీ పలుకుదురు. ఇంగ్లీషు కాగితముపై వ్రేలిముద్ర వేయించుకొనుట సమ్మతి కాదు. ఎందుకు దాచెదరో, ఎవరు వాడుదురో, వలదన్నచో తీసివేయుదురో లేదో, ఇంటి భాషలో చెప్పవలెను. ఫలితము తెలిసినచో ఇంటికి చేర్చవలెను. పెండ్లి సంబంధములు చెడునను భయ మున్నది గావున కుటుంబము పేరు బయటికి పొక్కరాదు.

ఇంకొక మాట. నాపరాతి గనులలో ధూళి మ్రింగి దగ్గువాని రోగమునకు జన్యువును వెదకవలదు. ఆ ధూళి గని యజమాని బాధ్యత. విజ్ఞానము పేర బాధ్యతను వంశముపైకి నెట్టుట మేము సహింపము.

నిజాము కాలమున క్షయరోగులకై అనంతగిరి కొండను వెదకిన పట్టణమిది. వికారాబాదున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల తెరువబడినది. నమూనాల సేకరణ, కుటుంబములకు సలహా అచ్చటను, వారమున కొకనాడు తాండూరు ఆసుపత్రియందును జరుగవలెను. దాచుట హైదరాబాదుననే చాలును, ప్రతి జిల్లాకొక శీతలగృహము దండుగ. నిర్వహణ సంఘమున వైద్యులతోపాటు రోగుల తల్లిదండ్రు లిద్దరైన నుండవలెను. ఇందుకు వేరు పద్దును రాబోవు బడ్జెటులో ప్రభుత్వమువారు చూపవలెనని కోరుచున్నాము. మన ప్రాంతపు శాసనసభ్యులు దీనిని గూర్చి యేమందురో తెలుపినచో ప్రకటింతుము.