రైలు దిగాక ఎటు?

సికింద్రాబాద్ స్టేషన్ పాత ముఖద్వారాన్ని కూల్చేసినప్పుడు చాలామంది నొచ్చుకున్నారు. ఆ బాధ సహజమే కానీ, అసలు చర్చ గోడల గురించి కాదు. బొంబాయి-మద్రాసు మార్గంలోని వాడి జంక్షన్ నుంచి నిజాం సొమ్ముతో 1874లో ఇక్కడికి పట్టాలు పరిచినప్పుడు, ఆంగ్లేయుల దృష్టి ముఖ్యంగా కంటోన్మెంట్ మీదే ఉంది. 1889కల్లా లైను బెజవాడ చేరింది. నాంపల్లి స్టేషన్ 1907లో, కాచిగూడ 1916లో వచ్చాయి. ఇన్ని వచ్చినా జనం సికింద్రాబాద్‌కే అలవాటు పడ్డారంటే కారణం భవనం అందం కాదు. గేటు దాటితే రేతిఫైల్‌లో సిటీ బస్సు, వెనక బోయిగూడ దారి, కూతవేటులో మోండా మార్కెట్, చవక లాడ్జీలు, అర్ధరాత్రి దాటినా దొరికే ఇడ్లీ. 2003 నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు, ఆ తర్వాత మెట్రో ఈ అల్లికకే తోడయ్యాయి. అంటే సుమారు ఒకటిన్నర శతాబ్దం పాటు స్టేషన్ చుట్టూ ఊరు పెరిగింది. ఆ ఊరే దాని అసలు ఆస్తి.

ఇప్పుడు ఆ ఆస్తిని లెక్కలో వేసుకోకుండానే రైళ్లను నగర శివారులోని చర్లపల్లి టెర్మినల్‌కు మళ్లిస్తున్నారు. నాలుగు వందల కోట్లకు పైగా పెట్టి కట్టిన ఆ టెర్మినల్ 2025 జనవరిలో మొదలైంది. లోపల ఎస్కలేటర్లు, లిఫ్టులు, విశాలమైన హాలు అన్నీ ఉన్నాయి. బయటికొస్తే మెట్రో లేదు. తెల్లవారుజామున పిల్లలతో, మూటాముల్లెతో దిగిన కుటుంబం మెహదీపట్నం చేరాలంటే ఆటోవాడు చెప్పిందే రేటు. స్లీపర్ టికెట్ మీద మిగిల్చుకున్నదంతా చివరి పాతిక కిలోమీటర్లకే చెల్లు!

సికింద్రాబాద్‌లో చోటెక్కడుందని రైల్వే అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. పది ప్లాట్‌ఫారాలు, చుట్టూ ఇళ్లూ రోడ్లూ, ప్లాట్‌ఫారం ఖాళీ లేక ఊరి బయటే ఆగిపోయే రైళ్లు. కొత్త టెర్మినల్ అవసరం లేదని ఎవరూ అనలేరు. ఈసీఐఎల్, ఉప్పల్, ఘట్‌కేసర్ వాసులకు అది వరమే. నా అభ్యంతరం స్థలం మీద కాదు, క్రమం మీద. ఘట్‌కేసర్ దాకా ఎంఎంటీఎస్ లైను చర్లపల్లి మీదుగానే పోతుంది. పట్టాలున్నాయి, కావలసినన్ని రైళ్లు లేవు. ఈ లైను భాగమైన ఎంఎంటీఎస్ రెండో దశ ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది. ఆ వాటాల కోసం ఇరువురూ ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసుకున్నారు. బస్సులు ఆర్టీసీ పని, రోడ్డు మున్సిపాలిటీ పని అని రైల్వే చేతులు దులుపుకోవచ్చు. కానీ ఏ రైలు ఎక్కడ ఆపాలో నిర్ణయించేది రైల్వేయే కదా! కనుక దూరప్రాంతపు రైలును చర్లపల్లికి మార్చే ఉత్తర్వుతోపాటే, అది వచ్చే వేళకు సికింద్రాబాద్, లింగంపల్లి వైపు ఎంఎంటీఎస్ వేళల పట్టికా వెలువడాలి. ఆ పట్టిక సిద్ధమయ్యేదాకా మార్పును వాయిదా వేయాలి.