కాదన్నది యాప్ అయితే, అడగాల్సింది ఎవర్ని?

ఈ మధ్య పేపరు తెరిస్తే వ్యవసాయం పేజీలో వానల కంటే కృత్రిమ మేధ వార్తలే ఎక్కువ పడుతున్నాయి. డ్రోన్ మందు కొడుతుందట. ఆకు ఫొటో తీసి పంపితే ఫోనే తెగులు పేరు చెబుతుందట. కంప్యూటరుతో తెలుగులో మాట్లాడొచ్చట. మంచిదే. మాట్లాడేవాళ్లు ఎంతమంది ఉంటే అంత మంచిది. వినేవాళ్లు ఎవరన్నదే మా ప్రశ్న.

ఖమ్మం జిల్లాలో ‘సాగు బాగు’ పేరుతో 7,000 మంది మిర్చి రైతులకు కృత్రిమ మేధ సలహాలు ఇచ్చారు. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని, మందుల వాడకం తగ్గిందని ప్రకటించారు. ఆ లెక్కతో మాకు పేచీ లేదు. కానీ 2025 మొదట్లో మిర్చి ధర కుప్పకూలింది. పక్కన ఆంధ్రప్రదేశ్ రైతుల కోసం కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టి మార్కెట్ జోక్యం ప్రకటించాల్సి వచ్చింది. ఏ మొక్కకు ఏ మందు ఎంత కొట్టాలో చెప్పే యంత్రాలు వచ్చినయి. రెక్కల కష్టానికి ధర ఎంత రావాలో చెప్పి, అంత ఇప్పించే యంత్రం మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఈ మాట అనగానే సభల్లో కొందరు నవ్వుతారు. రైతు సంఘాలోళ్లు కొత్తది ఏది వచ్చినా వద్దంటారని చెబుతారు. అది తప్పు. మన కొత్తకోట చుట్టుపక్కల ఏ బోరు దగ్గరికైనా పోయి చూడండి. స్టార్టర్ డబ్బాలో సిమ్ కార్డు ఉంటుంది. ఇంట్లో మంచం మీద నుంచి ఫోన్ కొడితే మోటరు నడుస్తుంది, ఇంకోసారి కొడితే బంద్ అవుతుంది. కరెంటు లేకపోతే లేదని చెబుతుంది. రాత్రి కరెంటు వచ్చిన కాలంలో చీకట్ల పొలానికి పోయి పాము కరిచి, తడి చేత్తో స్టార్టర్ ముట్టి షాక్ కొట్టి పోయినోళ్ల ఇండ్లు మన ఊర్లల్లో ఎన్ని లేవు? ఈ డబ్బా కోసం ఏ మంత్రీ సభ పెట్టలేదు, ఏ ఆఫీసరూ అవగాహన సదస్సు చెయ్యలేదు, సబ్సిడీ కోసం లైన్ కట్టింది లేదు. ఒకరి పొలంలో చూసి ఇంకొకరు సొంత పైసలతో కొనుక్కున్నారు. పనికొచ్చే యంత్రాన్ని రైతు వెతుక్కుంటూ పోతాడు. సదస్సు పెట్టి, గడువు పెట్టి, లేకుంటే పైసలు ఆగుతయని బెదిరించి అంటగట్టాల్సి వస్తున్నదంటే, ఆ యంత్రం ఎవరి పని తేలిక చేయడానికి వచ్చిందో కొంచెం ఆలోచించాలె.

ఎరువుల దుకాణాల్లో వేలిముద్ర మిషన్లు వచ్చి చాలా ఏండ్లయింది. మా దగ్గర ఒక దుకాణంలో ఒక ముసలవ్వ వేలు పెట్టింది. మిషన్ తీసుకోలేదు. ఇంకో వేలు పెట్టింది. అదీ కాదు.

“చెయ్యి కడుక్కొని రా అవ్వా, మట్టి ఉన్నట్టుంది” అన్నాడు దుకాణం పిల్లగాడు.

“నలభై ఏండ్ల సంది కలుపు తీసిన చెయ్యి బిడ్డా. ఇంక గీతలేడుంటయ్? మీ మిషన్‌కు పని చెయ్యనోళ్ల వేలే కావాల్నా?”

అక్కడున్నోళ్లంతా నవ్విండ్రు. యూరియా బస్తా మాత్రం రాలేదు. వేలు అరిగేదాకా పని చేసినవాళ్లను గుర్తుపట్టలేని మిషన్‌ను, వేలితో పని చేసేవాళ్ల కోసమే పెట్టడం గొప్ప తెలివి.

ఇక ఓటీపీ సంగతి. పాలమూరు వలస ఇవాల్టిది కాదు, మన జనం బొంబాయి దాకా మట్టి మోసిండ్రు. ఇప్పుడు ఓటీపీ కూడా వలస పోయింది. ఆధార్‌కు ఎక్కించిన నంబరు కొడుకుది, కొడుకు హైదరాబాద్‌లో బండి మీద పార్సిళ్లు ఇస్తుంటాడు. తండ్రి ఇక్కడ కౌంటర్ దగ్గర నిలబడితే అంకెలు అక్కడ సిగ్నల్ దగ్గర మోగుతయి. పిల్లగాడు బండి పక్కకు ఆపి చూసి చెప్పేలోపు టైం అయిపోతుంది. మళ్లీ మొదటికి. ఆరు అంకెల కోసం ఇద్దరి రోజు కూలి పోతుంది.

పత్తి దగ్గరికి వద్దాం. నల్లగొండ, నాగర్‌కర్నూల్‌తో పాటు మన రైతులకూ తగిలిన దెబ్బ అది. 2025–26 సీజన్‌కు పొడవు పింజ పత్తికి మద్దతు ధర 8,110 రూపాయలు. సీసీఐకి అమ్మాలంటే ‘కపాస్ కిసాన్’ యాప్‌లో పేరు నమోదు చేసుకోవాలి, తర్వాత స్లాట్ పట్టుకోవాలి. తేమ 8 శాతం ఉంటేనే పూర్తి ధర. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత, 12 దాటితే బండి వాపస్. అంటే 12 శాతం ఉన్న పత్తికి క్వింటాలుకు 324 రూపాయలు పోయినట్టే. అక్టోబరు చివర మోంథా తుపాను వచ్చి చేన్లు తడిసినయి. యాప్ తేదీ ఇస్తుంది. ఆ తేదీకి ఎండ ఇవ్వదు. స్లాట్ నాడు బండి కట్టుకొని పోతే తేమ ఎక్కువుందంటారు, ఆరబెట్టుకొని వస్తామంటే మళ్లీ స్లాట్ అంటారు. కిరాయి బండి డ్రైవర్‌కు ఏ స్లాటూ లేదు, ఆయన మీటరు తిరుగుతనే ఉంటది. ఇవి చాలవన్నట్టు ఎకరాకు కొనే పరిమితిని 12 క్వింటాళ్ల నుంచి 7కు తగ్గించారు. దానికి రాష్ట్ర ప్రభుత్వమే అభ్యంతరం చెప్పింది. యాప్ లేని రైతు, ఫోన్ లేని రైతు, విసిగిపోయిన రైతు చివరికి ఎవరి దగ్గరికి పోయిండు? కాటా దగ్గరున్న ప్రైవేటు వ్యాపారి దగ్గరికే. ఆయన ఓటీపీ అడగడు, ధర అడిగినా చెప్పడు.

యూరియా కూడా అంతే. 2025 ఆగస్టు, సెప్టెంబరులో చెప్పులు, పాస్‌బుక్కులు లైన్లో పెట్టి తెల్లవార్లు కూర్చున్నం. రామగుండం ఫ్యాక్టరీ ఆ ఏడాది పలుమార్లు ఆగింది, బయటి నుంచి రావాల్సిన సరుకు తగ్గింది, రాష్ట్రానికి రావాల్సిన కోటా సరిగ్గా రాలేదు. కారణాలు ఇవి. యాసంగికి వచ్చిన మందు ఏమిటి? బుకింగ్ యాప్. లైన్ రోడ్డు మీద కనిపిస్తే టీవీల్లో చూపిస్తరు. ఫోన్‌లో ఉన్న లైన్ ఎవరికీ కనిపించదు. యాప్‌తో పంపకం సక్రమం అయితే సంతోషమే, కానీ యాప్ యూరియా తయారు చెయ్యదు.

యాప్‌లు రాకముందు ఏమన్నా స్వర్గం ఉండెనా అని అడిగేవాళ్లున్నారు. ఉండలేదు. సంతకానికి ఇంత, పహాణీకి ఇంత అని పిండినోళ్ల మీద కొట్లాడింది మన సంఘమే. ఇప్పుడు లంచం పోయిందా? ఫారం నింపినందుకు యాభై, ఫొటో ఎక్కించినందుకు వంద, “సర్వర్ డౌన్ ఉంది, రేపు రా” అన్నందుకు బస్సు కిరాయి. పేరు మార్చుకొని సర్వీస్ చార్జీ అయింది. ఒక తేడా ఉంది. లంచం అడిగినోడికి ఒక పేరు, ఒక కుర్చీ ఉండేవి. ఆ కుర్చీ ముందు బైఠాయిస్తే పై ఆఫీసరు దిగొచ్చేవాడు. సర్వర్ ముందు ఎట్ల బైఠాయిస్తం? అదెక్కడుందో కౌంటర్‌లో కూర్చున్న పిల్లగాడికీ తెలియదు. క్లౌడ్‌లో ఉంటదట. క్లౌడంటే మబ్బు. మబ్బు వైపు చూసి బతకడం మనకు అలవాటేనని కాబోలు ఆ పేరు పెట్టిండ్రు.

మనిషిని తీసేసి మిషన్‌ను కూర్చోబెడితే ఏమైతదో చెప్పడానికి మన రాష్ట్రంలోనే పెద్ద సాక్ష్యం ఉంది. 2020లో వీఆర్వో వ్యవస్థను రద్దు చేసి, అక్టోబరు 29న ధరణి తెచ్చారు. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే చోట అయిపోవడం మంచిదే, కాదనం. కానీ పట్టాలో గుంటలు తగ్గినోళ్లు, పేరు తప్పు పడ్డోళ్లు, సొంత భూమి నిషేధిత జాబితాలోకి పోయినోళ్లు తహశీల్దార్ దగ్గరికి పోతే “నా చేతిలో ఏం లేదు” అన్న ఒక్కటే జవాబు. తప్పు చేసే అధికారం కంప్యూటర్‌కు ఉంది, దిద్దే అధికారం దగ్గరున్న ఏ మనిషికీ లేదు. కోర్టుకు పొమ్మన్నారు. గుంటన్నర భూమి కోసం కోర్టుకు పోతే ఫీజుకు ఇంకో రెండు గుంటలు అమ్మాలె. నాలుగున్నర ఏండ్లు గడిచినంక, 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. అప్పీలు చేసుకునే దారి చట్టంలో మళ్లీ పెట్టారు. ఆ జూన్‌లో రెవెన్యూ సదస్సులు పెడితే దరఖాస్తులు లక్షల్లో వచ్చినయి. సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులకు నియామక పత్రాలు ఇచ్చారు. తిరిగి తిరిగి ఊరికి మళ్లీ మనిషినే పంపాల్సి వచ్చింది.

దీనికి ఇంకా పాత సాక్ష్యం మన కొత్తకోట పక్కనే ఉంది. వనపర్తి రాజా రామేశ్వరరావు తన తల్లి పేరు మీద కట్టించిన సరళాసాగర్. 1949లో పునాది వేసి, 1959లో పూర్తి చేశారు. దాని సైఫన్లను చూడడానికి ఇంజనీర్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నీళ్లు నిండు మట్టం దాటగానే సైఫన్‌లో ఉన్న గాలిని ప్రవాహం బయటికి నెడుతుంది, లోపల గాలి లేక నీళ్లు వాటంతట అవే గుంజుకొని దుంకుతయి. మట్టం దిగితే గాలి లోపలికి చొరబడి ధార ఆగుతుంది. గేటు ఎత్తే మనిషి అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఆటోమేటిక్ అన్న మాటకు అంతకన్నా మంచి ఉదాహరణ మా కంటికి కనిపించలేదు. అయినా 2019 డిసెంబరు 31న సరళాసాగర్ కట్ట తెగింది. నిండిన నీళ్లన్నీ వాగు పాలయినయి. తెగింది మట్టికట్ట. సైఫన్ నీళ్లను చూసుకుంటది గానీ, కట్టకు బీట పడ్డదా, బొరియ పడ్డదా అని అది చూడదు. కట్ట మీద నడిచి చూసే లష్కర్ పని లష్కరే చేయాలె.

మనిషిని ఉంచినా, ఆయన్ను యంత్రానికి కూలీని చేస్తే లాభం లేదు. 2024 అక్టోబరులో డిజిటల్ పంట సర్వే ఒంటి చేత్తో మా వల్ల కాదని వ్యవసాయ విస్తరణాధికారులు ఆందోళనకు దిగితే, చాలామందిని సస్పెండ్ చేశారు. తెగులు వచ్చిందని పిలిస్తే చేనుకు రావాల్సిన మనిషి, ఫోన్ పట్టుకొని సర్వే నంబరుకో ఫొటో తీసుకుంటూ తిరగాలి. రాష్ట్రమంతా 2,601 రైతు వేదికలు కట్టారు. ఎన్ని వేదికల్లో రోజూ తలుపు తీసి ఉంటుందో చదివేవాళ్లకే తెలుసు.

కాబట్టి మేం యాప్‌లు బంద్ పెట్టమని అడగడం లేదు. అడిగేది చిన్నది. రైతు పేరు, స్లాటు, పైసలు, బస్తా ఏదైనా సరే యాప్ కాదన్నప్పుడు, ఎందుకు కాదన్నదో తెలుగులో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇయ్యాలె. ఆ తప్పు దిద్దే అధికారం ఉన్న ఆఫీసరు పేరు, హోదా ఆ కాగితం మీదనే ఉండాలె. దిద్దడానికి గడువు పెట్టాలె. వేలు పడనోళ్లకు, ఫోన్ లేనోళ్లకు పాస్‌బుక్ చూసి పని చేసిపెట్టే ఒక కౌంటర్ ప్రతి రైతు వేదికలో ఉండాలె. బ్యాంకు మన అప్పు నోటీసు పంపేటప్పుడు సంతకం, ముద్ర, గడువు అన్నీ పద్ధతిగానే ఉంటయి గదా. కాదన్నప్పుడు కూడా అదే పద్ధతి పాటించమంటున్నం.

ఈ నెల ప్రతి గ్రామ కమిటీ ఒక నోటుబుక్కు పెట్టాలని కోరుతున్నం. స్లాట్ దొరకనివి, వేలు పడనివి, కేవైసీ అయినా కిస్తు పడనివి, భూమి తక్కువ చూపించినవి అన్నీ అందులోకి ఎక్కాలె. ఊరు, తేదీ, ఏ పని కోసం పోయిండ్రు, ఎన్నిసార్లు తిరిగిండ్రు, ఎంత ఖర్చయింది రాయండి. ఫోన్‌లో వచ్చిన మెసేజీని చదువుకున్న పిల్లలతో ఉన్నదున్నట్టు కాగితం మీద ఎక్కించండి. ఆధార్ నంబర్లు, ఓటీపీలు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, నోటుబుక్కులో అసలే రాయొద్దు. మండలాల వారీగా అన్నీ కలిపి, సోమవారం ప్రజావాణిలో వనపర్తి కలెక్టరేట్‌లో ఇస్తం. రసీదు తీసుకొనే లేస్తం.