పిట్టగూడు పక్కనే పిట్టగోడ

కొత్త ఇల్లు కట్టుకుంటే డాబాకు పిట్టగోడ కట్టించాలి.

ఈ మాట అన్నది మున్సిపాలిటీ వాళ్లు కాదు, ఇంజనీరూ కాదు. వేల ఏళ్లనాటి యూదుల ధర్మగ్రంథం తోరా! యుద్ధం, పెళ్లి, విడాకులు, ఆస్తి పంపకాలు... ఇలాంటి పెద్ద విషయాల మధ్య ఉన్నట్టుండి ఇంటి పైకప్పు ప్రస్తావన వస్తుంది. గోడ కట్టకపోతే, ఎవరైనా అక్కడి నుంచి పడితే, ఆ రక్తం ఆ ఇంటికి అంటుతుందని హెచ్చరిక కూడా ఉంటుంది.

దేవుడికి పిట్టగోడతో పనేమిటి? మొదటిసారి చదివినప్పుడు నాకు వచ్చిన సందేహం ఇదే. జవాబు కోసం యూదు పండితుల వ్యాఖ్యానాలు తిరగేస్తే, మన ఇళ్లలో రోజూ వినిపించే ఒక మాటకు అక్కడ సమాధానం దొరికింది. అది తర్వాత చెబుతాను.

యూదులు తోరాను ఏడాదిలో ఒకసారి పూర్తిగా చదువుతారు. మొత్తం 54 భాగాలు. ఒక్కో వారానికి ఒక్కో భాగం, కొన్ని వారాల్లో రెండేసి. శనివారం ఉదయం ప్రార్థనామందిరంలో తోలు మీద చేత్తో రాసిన చుట్టను విప్పి, రాగయుక్తంగా చదువుతారు. యెరూషలేంలో ఏ భాగమో, న్యూయార్క్‌లోనూ ముంబయిలోనూ దాదాపు ఎప్పుడూ అదే. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో కూడా తమను 'బెనే ఎఫ్రాయిమ్', అంటే ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకునే తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వాళ్లకూ శనివారమే విశ్రాంతి దినం.

పిట్టగోడ సంగతి ఉన్న భాగం పేరు 'కీ తెత్సే'. నువ్వు బయలుదేరినప్పుడు అని అర్థం. ద్వితీయోపదేశకాండంలో 21వ అధ్యాయం మధ్య నుంచి 25 చివరి దాకా ఉంటుంది. యూదుల కొత్త సంవత్సరానికి ముందు వచ్చే ఎలూల్ మాసంలో, అంటే ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో దీన్ని చదువుతారు. ఏడాదంతా చేసిన మంచిచెడులను లెక్క చూసుకునే నెల అది. తోరాలో మొత్తం 613 ఆజ్ఞలున్నాయని సంప్రదాయం. వాటిలో 74 ఈ ఒక్క భాగంలోనే ఉన్నాయంటారు. తప్పిపోయిన ఎద్దు కనిపిస్తే చూడనట్టు పోకూడదు, కూలివాడి కూలి పొద్దుగూకకముందే ఇచ్చెయ్యాలి, అప్పు కింద తిరగలి రాయిని తాకట్టు పట్టకూడదు... అన్నీ ఇలాంటివే. గుడిలో చేసేవి తక్కువ, వీధిలోనూ ఇంట్లోనూ చేసేవి ఎక్కువ.

ఆ రోజుల్లో అక్కడి ఇళ్లకు చదునైన మిద్దెలుండేవి. మన డాబాల్లాంటివే. ఎండాకాలం పడక అక్కడే. పంట ఆరబెట్టుకునేదీ అక్కడే. యెరికో పట్టణంలో రాహాబు అనే ఆమె ఇద్దరు వేగులవాళ్లను దాచింది మిద్దె మీద ఆరబెట్టిన జనపకట్టెల కిందే. దావీదు రాజు సాయంత్రంపూట పచార్లు చేసిందీ మిద్దె మీదే. బైబిల్ చదివేవాళ్లకు ఇవన్నీ తెలిసిన కథలే. పిల్లలు ఆడుకునేది, చుట్టాలొస్తే కూర్చునేది, రాత్రి నిద్రలో లేచి నడిచేది అక్కడే అయినప్పుడు గోడ లేకపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా?

తర్వాతి పండితులు ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని చాలా దూరం వెళ్లారు. 12వ శతాబ్దపు మహాపండితుడు మైమోనిడీస్ స్వయంగా వైద్యుడు కూడా. గోడ పది బెత్తెల ఎత్తు ఉండాలన్నాడాయన. అంటే సుమారు మూడడుగులు. ఎత్తు ఉంటే చాలదట, మనిషి ఆనుకున్నా పడిపోనంత గట్టిగా ఉండాలి. పెరట్లో బావి ఉంటే దానికీ గోడో మూతో ఉండాలి. ప్రాణానికి ముప్పు తెచ్చేది ఏదైనా సరే, తొలగించడం విధి అన్నాడు. అంతకు చాలా ముందే తాల్మూద్‌లో నాతాన్ అనే గురువు ఇదే వాక్యం ఆధారంగా మరో రెండు చేర్చాడు. ఇంట్లో కరిచే కుక్కను పెంచకూడదు, ఊగే నిచ్చెనను ఉంచకూడదు.

ఆ ఊగే నిచ్చెనను గుర్తుపెట్టుకోండి. దాంతో పనుంది.

పిట్టగోడ ఆజ్ఞకు సరిగ్గా ముందు మాట పిట్టగూడు గురించి! మన తెలుగులో ఈ రెండు మాటలు ఇలా కలిసిరావడం కాకతాళీయమే అనుకోండి. దారిలో గూడు కనబడి, తల్లిపక్షి గుడ్ల మీదో పిల్లల మీదో కూర్చుని ఉంటే, తల్లినీ పిల్లలనూ కలిపి పట్టుకోకూడదు. ముందు తల్లిని వదిలెయ్యాలి. అలా చేస్తే మేలు కలుగుతుంది, ఆయుష్షు పెరుగుతుందని తోరా వాగ్దానం. ఇలాంటి వాగ్దానమే ఉన్న మరో ఆజ్ఞ తల్లిదండ్రులను గౌరవించడం. చేతికి అందే పిట్టను వదిలెయ్యడం, అమ్మానాన్నలను జీవితాంతం చూసుకోవడం... ఒకటి చాలా తేలిక, ఇంకొకటి చాలా బరువు. ఫలం మాత్రం ఒకటే.

ఈ వాగ్దానం చుట్టూ తాల్మూద్‌లో మనసును మెలిపెట్టే కథ ఒకటుంది. ఒక తండ్రి కొడుకును పిలిచి, పైకెక్కి పిట్టపిల్లలను తెమ్మన్నాడు. కుర్రవాడు నిచ్చెన వేసుకుని ఎక్కాడు. తల్లిపక్షిని వదిలేశాడు, పిల్లలను తీసుకున్నాడు. తండ్రి మాట విన్నాడు, తోరా మాటా విన్నాడు. దీర్ఘాయుష్షు ఇస్తానన్న రెండు ఆజ్ఞలనూ ఒకేసారి పాటించాడు. దిగుతూ జారిపడి చనిపోయాడు.

మరి ఆయుష్షు ఏమైంది?

2వ శతాబ్దంలో ఎలీషా బెన్ అబూయా అనే గొప్ప పండితుడు ఉండేవాడు. ఇలాంటి సంఘటనను కళ్లారా చూసి ఆయన విశ్వాసమే పోగొట్టుకున్నాడని ఒక కథనం. తర్వాత ఆయన్ను పేరుపెట్టి పిలవడం కూడా మానేశారు. 'ఆ వేరేవాడు' అన్నారంతే. ఆయన కూతురి కొడుకు యాకోబు కూడా పండితుడే. తాతను కూలదోసిన ప్రశ్నకు మనవడు ఇచ్చిన జవాబు ఇది: తోరా చెప్పిన దీర్ఘాయుష్షు ఈ లోకానిది కాదు, రాబోయే లోకానిది.

మన ఊళ్లో అయితే చర్చ అక్కడితో ఆగిపోయేది. తాల్మూద్ పండితులు ఆగలేదు. మంచిపని మీద వెళ్లినవాళ్లకు కీడు జరగదంటారే, మరి ఇదేమిటని నిలదీశారు. దానికి వచ్చిన సమాధానం చూడండి. ఆ నిచ్చెన ఊగేది! ప్రమాదం ఎదురుగా కనిపిస్తున్న చోట అద్భుతం జరుగుతుందని నమ్ముకుని కూర్చోకూడదు. సాక్షాత్తూ దేవుడు పంపినప్పుడు కూడా సమూయేలు ప్రవక్త, సౌలు రాజుకు తెలిస్తే చంపేస్తాడు కదా, ఎలా వెళ్లేది అని అడిగాడు గుర్తులేదా అన్నారు.

స్వర్గం గురించి, కర్మ గురించి, దేవుడి న్యాయం గురించి సాగుతున్న చర్చలో ఎవరో ఒకరు లేచి, ముందు ఆ నిచ్చెన సంగతి చూశారా అని అడిగినట్టుంది నాకు. ఆ ప్రశ్న వల్ల దేవుడి మీద విశ్వాసం తగ్గేదేం లేదు. కుర్రవాడికి నిచ్చెన ఇచ్చిన పెద్దల బాధ్యత మాత్రం గుర్తుకొస్తుంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన మాట దగ్గరికి వద్దాం. ఏ ఘోరం జరిగినా మనం అనే మాట ఒకటుంది. 'వాడి రాత అంతే', 'నూకలు చెల్లిపోయాయి'. పోయినవాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు ఓదార్పుగా అంటాం. తప్పు లేదు. కానీ అదే మాటను గోడ కట్టనివాడు అంటే?

పిట్టగోడ వాక్యంలో హీబ్రూ మాట ఒకటి విచిత్రంగా ఉంటుంది. 'ఎవరైనా పడితే' అనకుండా 'పడేవాడు పడితే' అన్నట్టు ఉంటుంది. ఇంకా పడనే లేదు, అప్పుడే 'పడేవాడు' అంటుందేమిటి? పడాలని అతడికి సృష్టి మొదలైనప్పుడే రాసిపెట్టి ఉంది కాబట్టి అన్నారు పాత గురువులు. అంటే తలరాతను వాళ్లూ కాదనలేదు. అయితే 11వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని త్రువా పట్టణంలో ఉన్న రాషీ అనే వ్యాఖ్యాత ఆ గురువుల మాటనే అందుకుని విషయం తేల్చాడు. అతడు పడవలసినవాడే కావచ్చు, కానీ ఆ చావు నీ చేతుల మీదుగా జరగకూడదు!

నాకు ఈ భాగం మొత్తంలో బాగా నచ్చింది ఇదే. రాత ఉందా లేదా అన్న వాదన పెట్టుకోలేదు. ఉందనే అనుకో, అయినా గోడ కట్టు అన్నారు. అతడి రాత అతడిది, నీ గోడ నీది.

ఇది పాతకాలపు పండితచర్చ అనిపిస్తే, రెండు సంఘటనలు చెప్పుకోవాలి. రెండూ ఆ తోరాను వారం వారం చదివే దేశంలోనే జరిగాయి.

2001 మే 24 రాత్రి యెరూషలేంలోని వెర్సాయ్ అనే కల్యాణమండపంలో పెళ్లి జరుగుతోంది. జనం ఆనందంగా నాట్యం చేస్తున్నారు. ఒక్కసారిగా మూడో అంతస్తు నేల కుప్పకూలింది. 23 మంది చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. ఖర్చు కలిసొస్తుందని పల్చని కాంక్రీటుతో కట్టే పద్ధతిలో కట్టిన భవనం అది. కూలడానికి కొన్ని వారాల ముందు కింద ఉన్న గోడలు తీసేశారు. పైన నేల కుంగింది. కుంగిన చోట పైపైన పూత పూసి సరిచేశారు. ఆ తర్వాత యజమానులకూ ఇంజనీర్లకూ కోర్టులో శిక్షలు పడ్డాయి.

రెండోది 2021 ఏప్రిల్ 30న మెరోన్ కొండ మీద జరిగింది. షిమోన్ బార్ యోహాయ్ అనే గురువు సమాధి దగ్గర ఏటా జరిగే ఉత్సవానికి వేలాదిమంది వచ్చారు. వాలుగా ఉన్న ఇరుకు దారిలో తొక్కిసలాట జరిగి 45 మంది చనిపోయారు. వాళ్లలో చిన్నపిల్లలూ ఉన్నారు. ఆ చోటు ప్రమాదకరమని అంతకు పదేళ్ల ముందే, 2008లోనూ 2011లోనూ, ప్రభుత్వ ఆడిట్ నివేదికలు హెచ్చరించాయి. 2024 మార్చిలో విచారణ కమిషన్ తన నివేదికలో ప్రధాని నెతన్యాహు సహా పలువురి వ్యక్తిగత బాధ్యతను వేలెత్తి చూపింది. 2015 గోదావరి పుష్కరాల మొదటి రోజున రాజమండ్రిలో జరిగింది తెలిసిన మనకు ఇది ఎక్కడో జరిగిన కథలా అనిపించదు.

కొండకు వచ్చినవాళ్లు భక్తులే, పెళ్లికి వచ్చినవాళ్లు ఆత్మీయులే. మంచిపని మీద వెళ్లినవాళ్లే అందరూ. నిచ్చెన ఊగుతోందని ముందే తెలిసినవాళ్లు వేరే ఉన్నారు.

అంత పెద్ద సంగతులెందుకు, మేముండే అపార్టుమెంటునే తీసుకోండి. డాబా మీద వాటర్ ట్యాంకు వైపు గోడ మోకాలి ఎత్తే ఉంటుంది. మీటింగు పెట్టిన ప్రతిసారీ ఆ విషయం వస్తుంది. 'అటువైపు ఎవరు వెళ్తారులెండి' అని ఒకరంటారు. 'పై అంతస్తు వాళ్లే కదా వాడుకునేది, వాళ్లే కట్టించుకోవాలి' అని ఇంకొకరు. చివరికి లిఫ్టు రిపేరు లెక్క తేల్చి, టీ తాగి ఎవరింటికి వాళ్లు వెళ్తారు. సంక్రాంతి రాగానే పిల్లలు గాలిపటాలు పట్టుకుని ఎక్కేది ఆ డాబా మీదికే. గాలిపటం ఎగరేసేవాడు ఆకాశం వైపు చూస్తూ వెనక్కి నడుస్తాడు, కాళ్ల వైపు చూడడు.

ఈ వాదనా కొత్తది కాదు. 'నీ డాబా' అని ఏకవచనంలో ఉంది కదా, నలుగురు కలిసి కట్టుకున్న ఇంటికి ఇది వర్తిస్తుందా అని తాల్మూద్‌లోనే చర్చ జరిగింది. వర్తిస్తుందనే తేల్చారు. పడేవాడికి అది ఎంతమంది ఇల్లయితేనేం!

ఇంకో విషయం కూడా గమనించాలి. గోడ కట్టమన్నది కొత్త ఇల్లు కట్టినప్పుడు. ఎవరో పడ్డాక కాదు. గృహప్రవేశం హడావుడిలో, చేతిలో డబ్బు అయిపోయి, మిగిలిన పనులు తర్వాత చూద్దాం అనుకునే సమయంలోనే. మనకు తెలిసిన ఎన్నో ఇళ్లలో ఆ 'తర్వాత' ఇంకా రాలేదు. పిట్టగోడ లేచి ఉండదు, మెట్లకు కటకటాలు ఉండవు, సంపు మీద మూత బదులు చెక్కముక్క ఉంటుంది. నీళ్లు పడని బోరుబావి మీద గోనెసంచి కప్పి వదిలేస్తారు. ఏ పసివాడో అందులో పడితే టీవీల ముందు ఊరంతా దండాలు పెడతాం. బావికి మూత ఉండాలని రాసిన మైమోనిడీస్ పోయి ఎనిమిది వందల ఏళ్లు దాటింది.

యూదులు రొట్టె విరిచేటప్పుడు, ద్రాక్షరసం తాగేటప్పుడు, దీపం వెలిగించేటప్పుడు ఆశీర్వచనం చదువుతారు. పిట్టగోడ కట్టినప్పుడు చదవడానికీ ఒక ఆశీర్వచనం ఉంది. ఇటుక మీద ఇటుక పేర్చి సిమెంటు పూసే పనిని దీపారాధన పక్కన కూర్చోబెట్టారు. ఎవరో తెలియని మనిషి, ఎప్పుడో ఒకనాడు పడబోయి పడకుండా ఆగుతాడని చేసే పని అది. ఆ మనిషి వచ్చి థాంక్స్ చెప్పడు. తాను పడేవాడినని అతడికే తెలియదు.

ఈ ఆదివారం తీరిక దొరికితే ఒకసారి మీ డాబా ఎక్కి చుట్టూ చూసి రండి. దిగేటప్పుడు ఆ నిచ్చెననూ ఒకసారి ఊపి చూడండి.