రోమ్ సీరియల్, కట్టప్ప, మా నాయినమ్మ



ఈ వరుసలో ఇది తొమ్మిదో భాగం. పాలమూరు వలస మీద రాస్త అని పోయినసారి మాటిచ్చిన. అది వచ్చే వారం. దానికంటె ముందు ఒక ముచ్చట చెప్పాలె.

మొన్న ఆదివారం మహబూబ్‌నగర్‌లో ఒక హాస్టల్‌కు పోయిన. గ్రూప్స్‌కు చదివే పిల్లలు. రాత్రి అన్నం తిన్నంక నలుగురు ఒక ఫోన్ చుట్టు కూసొని పాత ఇంగ్లీషు సీరియల్ చూస్తున్నరు. పేరు 'రోమ్'. "అన్నా, ఇదంత నిజంగ జరిగిందేనా? హిస్టరీకి పనికొస్తదా?" అని ఒకడు అడిగిండు. "దీనికి మూడో సీజన్ వస్తదా?" అని ఇంకొకడు. ఎక్కువ మాట్లాడని పిలగాడు ఒకడు ఉన్నడు. వాడు మెల్లగ, "అన్నా, ప్రతి సీన్ల ఎనక ఒకడు నిలబడి ఉంటడు సూడు, వాడెవడు?" అన్నడు.

మొదటి రెండు ప్రశ్నలకు అక్కడ్నే జవాబు చెప్పిన. మూడోది నా ఎంబడి ఇంటిదాక వచ్చింది. మూడింటికీ ఇక్కడ జవాబు రాస్తున్న, అందరికి పనికొస్తదని.

మొదటి ప్రశ్న: నిజమా, కాదా?

సీరియల్ 2005లో మొదలై 2007లో ఆగిపోయింది. రెండు సీజన్లు, 22 ఎపిసోడ్లు. అమెరికా హెచ్‌బీవో, బ్రిటన్ బీబీసీ, ఇటలీ రాయ్ కలిసి తీసినయ్. కథ క్రీస్తుపూర్వం 52లో గాల్ నాయకుడు వెర్సింజెటొరిక్స్ సీజర్‌కు లొంగిపోయిన కాడ మొదలైతది. ఆంటొనీ, క్లియోపాత్రా చచ్చిపోయి ఆక్టేవియన్ ఒక్కడే మిగిలేదాక నడుస్తది. పెద్ద సంఘటనలు నిజమే. సీజర్ రూబికాన్ నది దాటుడు, పాంపే ఈజిప్టు ఒడ్డున చచ్చిపోవుడు, సెనేట్‌లో సీజర్ హత్య, ఫిలిప్పీ యుద్ధం అన్నీ జరిగినయే.

హీరోలిద్దరు, పుల్లో, వొరీనస్, పూర్తి కల్పన కాదు. గాల్ యుద్ధాల మీద సీజర్ రాసిన పుస్తకం అయిదో భాగంలో ఆ రెండు పేర్లు ఉన్నయ్. ఇద్దరూ సెంచూరియన్లు, ఒకరంటె ఒకరికి పోటీ, యుద్ధంలో ఒకరినొకరు కాపాడుకుంటరు. అంతే. మిగతా జీవితమంత సీరియల్ రాసినోళ్లు అల్లిందే. పుల్లోను సెంచూరియన్ నుంచి మామూలు సిపాయిని చేసింది కూడ వాళ్లే.

అబద్ధాలు కూడ తక్కువ లేవు. సీజర్ మేనకోడలు ఆతియాను కుట్రలు చేసే ఆడమనిషిగ చూపించిన్రు. టాసిటస్ రాతల్లో ఆమె కొడుకును పద్ధతిగ పెంచిన తల్లి. పైగ ఆమె క్రీస్తుపూర్వం 43లోనే చచ్చిపోయింది, సీరియల్‌లో మాత్రం చివరిదాక బతుకుతది. క్లియోపాత్రా కొడుకు సీజరియన్‌ను ఆక్టేవియన్ చంపించిండు. సీరియల్ ఆ పిలగాన్ని బతికించి పుల్లో ఎంబడి పంపింది. పరీక్షల గిది రాస్తె సున్నా వస్తది, జాగ్రత్త.

మరి ఏది బాగుంది అంటె, ఊరు బాగుంది. రోమ్ అంటె తెల్లరాతి స్తంభాలు అని మన మనసుల పడిపోయింది. రోమ్ శివారుల చినెచిత్తా స్టూడియోలో వేసిన ఆ సెట్టుల గోడలకు రంగులున్నయ్, బొగ్గు రాతలున్నయ్, ఇరుకు గల్లీలు, బురద ఉన్నయ్. చౌరస్తాల నిలబడి వార్తలు చదివే మనిషి ఉన్నడు, వార్తల మధ్యల పిండి మిల్లులోళ్ల ప్రకటన కూడ చదువుతడు. గెలిచినోళ్ల విగ్రహాలు కాకుంట, మనుషులు బతికిన ఊరు కనబడ్తది.

రెండో ప్రశ్న: మూడో సీజన్ వస్తదా?

రాదు. మొదటి సీజన్‌కే సుమారు పది కోట్ల డాలర్లు అయినయ్. రాసిన బ్రూనో హెల్లర్ అయిదు సీజన్లు అనుకున్నడు, చివరిది పాలస్తీనాలో మెస్సయ్య వచ్చే కాలం. రెండోది నడుస్తుండగనే ఇంక లేదని తేలింది. అందుకే సీజర్ చావు తర్వాత పద్నాలుగేండ్ల చరిత్రను పది ఎపిసోడ్లల్ల కుక్కిన్రు. 2007 ఆగస్టులో స్టూడియోలో మంటలు లేచి సెట్టు కొంత కాలిపోయింది. సినిమా తీస్తమన్న మాట కొన్నేండ్లు నడిచింది. తియ్యలేదు.

ఇంక మూడో ప్రశ్న. ఎనక నిలబడ్డోడు ఎవడు?

బానిస. అప్పటి ఇటలీ జనంలో అయిదో వంతు నుంచి మూడో వంతు దాక బానిసలే అని చరిత్రకారుల అంచనాలు. వాళ్లు లేని గది లేదు. దొరసాని తానం చేస్తుంటె ఉంటరు, దొరలు కుట్ర చేస్తుంటె ఉంటరు, పడకగదిల ఉంటరు. అక్కడ మనిషి ఉన్నడని ఎవ్వరూ అనుకోరు. నా లెక్కల ఆ సీరియల్ చెప్పిన అన్నిటికంటె పెద్ద నిజం ఇదే. తారీఖులు తప్పు కావచ్చు, ఆ నిలబడుడు మాత్రం తప్పు కాదు.

ఒక సీన్ గుర్తు చేస్త. పుల్లో తన బానిస ఐరీనీని విడుదల చేస్తడు, ఆమెను పెండ్లి చేసుకుందామని. ఆమె మనసు వొరీనస్ ఇంట్ల ఉన్న ఇంకో బానిస మీద ఉంటది. సంగతి తెల్వంగనే పుల్లో ఆ పిలగాని తల గోడకేసి కొట్టి చంపుతడు. తర్వాత కొట్లాట ఇద్దరు దోస్తుల నడుమ మాత్రమే. అది హత్య కేసు కాదు. రోమ్‌ల ఆక్విలియా చట్టం ఉండె: ఇంకొకరి బానిసను చంపినా, మంద పశువును చంపినా యజమానికి ధర కట్టాలె. బానిస, పశువు ఒకే వాక్యంలో. కోర్టుల బానిస సాక్ష్యం చెల్లాలంటె వాన్ని హింస పెట్టి అడగాలె. క్రీస్తుశకం 61లో ఒక పెద్ద అధికారిని ఇంటి బానిస ఒకడు చంపితె, ఆ ఇంట్ల ఉన్న నాలుగు వందల మంది బానిసలను, ఆడోళ్లను పిల్లలను కలుపుకొని, చంపేసిన్రు.

అయితే సీరియల్ కూడ చివరికి పుల్లో పక్కనే నిలబడ్డది. ఆ పిలగాని చావు పుల్లో కథల ఒక మలుపు, అంతే. ఆ పిలగాని కథ ఎవరూ చెప్పలేదు. సీరియల్‌ను మెచ్చుకుంటూనే ఈ మాట కూడ యాది పెట్టుకోవాలె.

అదే సీరియల్‌లో పోస్కా ఉంటడు. సీజర్ బానిస. ఉత్తరాలు రాస్తడు, లెక్కలు చూస్తడు, సీజర్‌కే సలహా చెప్తడు. సీజర్ చచ్చిపోతూ వీలునామాలో విడుదల చేస్తడు. ఇది కల్పన పాత్రే కాని ఇసొంటోళ్లు నిజంగ ఉండె. బాబాసాహెబ్ రోమ్ బానిసలను, మన అంటరానోళ్లను పక్కపక్కన పెట్టి ఎందుకు రాసిండో పోస్కాను చూస్తె సమజైతది. రోమ్ బానిసలల్ల పంతుళ్లు, వైద్యులు, లెక్కలు రాసేటోళ్లు ఉన్నరు. విడుదల అనే దారి ఉన్నది. అంటరానితనంల ఆ దారి లేదు, దానికి యజమాని సంతకం పెట్టి విడుదల చేసే కాయితమే లేదు. బానిసత్వం మంచిదని కాదు ఆయన అన్నది. ఇక్కడి సంకెల కంటికి కనబడదు, అందుకే తెంపుడు కష్టం అన్నడు.

ఇప్పుడు మన తెర మీదికి రా.

మన దగ్గర బానిస అనంగనే అందరికి యాదికొచ్చే పేరు కట్టప్ప. 'బాహుబలి' మొదటి భాగం 2015, రెండోది 2017. మాహిష్మతి కల్పన రాజ్యం, అందుకని చరిత్ర తప్పులు వెతుకుడు అన్యాయం. కాని కల్పనలో కూడ ఎవరిని ఎట్ల ఊహించుకున్నమో అది మన నిజం. కట్టప్ప తాతలు మాటిచ్చిన్రట, తరతరాలు ఆ సింహాసనానికి బానిసలుగ ఉంటమని. అస్లం ఖాన్ వచ్చి నిన్ను కొని విడిపిస్త అంటె వద్దంటడు. హాలంత చప్పట్లు. రాజు కొడుకు పాదం నెత్తి మీద పెట్టుకుంటె మళ్ల చప్పట్లు. రెండేండ్లు దేశమంత ఒకటే ప్రశ్న: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపిండు? కట్టప్ప ఎందుకు బానిస అని ఒక్కడు అడగలేదు.

నిజానికి ఒకడు అడిగిండు. ఆనంద్ నీలకంఠన్ 2017లో బాహుబలికి ముందు కథగ రాసిన శివగామి నవలలో కట్టప్పకు తమ్ముడుంటడు, శివప్ప. వాడు బానిస బతుకును ఒప్పుకోడు. ఆ నవల మీద నెట్‌ఫ్లిక్స్ సిరీస్ తీస్తున్నమని 2018లో ప్రకటించింది. ఒకసారి తీసిన్రు, నచ్చలేదని పక్కన పెట్టిన్రు. నటులను, దర్శకులను మార్చి మళ్ల తీసిన్రు. అది కూడ రాలేదు. వంద కోట్లు దాటినయని పత్రికలు రాసినయ్. ఎందుకు ఆపిన్రన్నది వాళ్ల వ్యాపారం, దాంట్ల కుట్ర ఉన్నదని నేను అనను. ఫలితం మాత్రం చూడుండ్రి: అన్న ఇంటింటికి తెలుసు, తమ్ముడు డబ్బాల ఉన్నడు.

తిరగబడ్డోని సీరియల్ అసలే లేదా అంటె, ఉన్నది. 'స్పార్టకస్', 2010 నుంచి 2013 దాక వచ్చింది. నెత్తురు, అడ్డగోలు సీన్లు దండిగ ఉంటయ్, కాని బానిసే కథానాయకుడు. క్రీస్తుపూర్వం 73లో కపువా అఖాడా నుంచి డెబ్బై మంది దాక తప్పించుకున్నరు, వేలమంది సైన్యమైన్రు. 71లో ఓడిపోయిన్రు. దొరికిన ఆరు వేల మందిని కపువా నుంచి రోమ్ దాక తొవ్వ పొడుగున సిలువలకు కొట్టిన్రు. ఆ సీరియల్ 2025 డిసెంబర్‌లో మళ్ల వచ్చింది. ఎవరి పేరు మీద? ఆషుర్ పేరు మీద. తోటి బానిసలను యజమానులకు పట్టిచ్చి పాత సీరియల్‌లో చచ్చిపోయినోడు. వాన్ని బతికించి, రోమ్ వానికి అఖాడా ఇనాం ఇచ్చిందని కొత్త కథ రాసిన్రు. భవిష్యత్తు ఎవరికి దొరికిందో చూసిన్రా? మన వాడలల్ల కూడ ఆషుర్‌లు తెలువనోళ్లు కాదు.

ఇంక మా నాయినమ్మ.

ఆమె ఒక గడి కింద వెట్టి చేసింది. ఏ ఊరు, ఏ దొర అని ఇక్కడ రాయను. తెల్లారక ముందే పోయి గడి ముందట ఊడ్చేది. కొట్టంల పేడ తీసేది, గడ్డి మోసేది. మా తాత దొర కచ్చురం ముందట దివిటీ పట్టుకొని ఉరికేటోడు. నేను చిన్నప్పుడు అడిగిన, "అవ్వా, గడి లోపల ఎట్లుండె?" అని. ఆమె నవ్వింది. "నాకేమెరుక బిడ్డా? గడప నేనెన్నడు దాటిన?" అన్నది.

హాస్టల్ నుంచి వచ్చిన రాత్రి ఆ మాటనే మళ్ల మళ్ల యాదికొచ్చింది. రోమ్‌ల బానిస గదిల ఉండె, కాబట్టి కెమెరా గదిల పెడితె ఎనక వాడు కనబడ్డడు. మా నాయినమ్మ గదిల లేదు. రేపు ఎవరన్నా పాలమూరు సంస్థానాల మీద, గద్వాల మీదనో వనపర్తి మీదనో కొల్లాపూర్ మీదనో, వంద కోట్లతోని సీరియల్ తీసిన్రనుకో. నగలు సరిగ్గ ఉంటయ్, తారీఖులు సరిగ్గ ఉంటయ్, ఒక్క తప్పు ఉండదు. అయినా మేము కనబడం. తప్పు లేకుంటనే మమ్ముల లేకుంట చెయ్యొచ్చు. మన చరిత్ర తెర మీదికి రావాలంటె కెమెరా గడప దాటి బయటికి రావాలె, కొట్టంకాడికి, వాడకు.

గడప లోపలి బానిసను మన దగ్గర ఒక్కసారి నిజంగ చూపించిన్రు. 1988లో బి. నర్సింగరావు తీసిన 'దాసి'. తెలంగాణ గడిల ఒక దాసి పిల్ల కథ. అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది, సినిమాకు మొత్తం అయిదు జాతీయ అవార్డులు. రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక ఆడపిల్ల దొరకు నీళ్లు పోసుడు, నిలబడుడు, చెప్పింది చేసుడు. ఆ నిలబడుడే మొత్తం సినిమా. హాస్టల్‌లో అడిగిన, నలుగురిలో ఒక్కరూ చూడలేదు. తప్పు వాళ్లది కాదు, చూపించనోళ్లది.

కాబట్టి ఈ సీరియళ్ల భవిష్యత్తు ఏంది అని నన్నడిగితె, నేను నెట్‌ఫ్లిక్స్ దిక్కు చూడను, మీ దిక్కు చూస్త. మీ దగ్గర ఫోన్లున్నయ్. దసరాకు ఇంటికి పోతరు. వెట్టి చూసినోళ్లు, కన్నోళ్ల నోటి నుంచి విన్నోళ్లు ఇంక కొద్దిమందే మిగిలిన్రు. వాళ్ల పక్కన కూసోండ్రి. దొర పేరు అడగకుండ్రి, అది రికార్డులల్ల ఉంటది. పొద్దుగాల ఎన్ని గంటలకు లేస్తుండె, ఏం తింటుండె, గడప కాడ ఎంత దూరంల నిలబడుతుండె, తిరగబడ్డోళ్లు ఎవరన్నా ఉండెనా అని అడగుండ్రి. మాటలు వాళ్లవి వాళ్ల తీరుగనే రాసుకోండ్రి, మీరు దిద్దకుండ్రి. రేపు మనలో ఒకరు స్క్రిప్టు రాసేనాటికి ఇదే ముడిసరుకు.

సీజర్ పుస్తకంల ఇద్దరు సిపాయిల గురించి ఉన్నది ఒక్క చిన్న ముచ్చట. దాని మీద 22 ఎపిసోడ్లు తీసిన్రు. మా నాయినమ్మ ముచ్చట ఏ పుస్తకంల లేదు, నా దగ్గర మాత్రమే ఉన్నది. మీ దగ్గర ఎవరిది ఉన్నదో కింద రాయుండ్రి. ఆ మూడో ప్రశ్న అడిగిన తమ్మునికి ఈ భాగం అంకితం. వాడు గ్రూప్స్ కొట్టినా కొట్టకున్నా, చూడవలసింది చూసిండు.

వచ్చే వారం పాలమూరు లేబర్, గుంపు మేస్త్రి, అడ్వాన్సు.

జై భీమ్.