తిరుమయిలై స్టేషను సిబ్బంది మాటేమిటి?

చెన్నైలో బకింగ్‌హాం కాలువ వెంబడి, పలుచోట్ల కాలువలోనే నాటిన స్తంభాలపై సాగే పట్టణ రైలుమార్గం రైల్వేల సొంత నిర్మాణం. బీచ్ నుండి 1995లో చేపాక్ వరకు, 1997లో తిరుమయిలై వరకు, 2007లో వేళచ్చేరి వరకు రైళ్లు చేరినవి.

తిరుమయిలై స్టేషను చూచినవారికి ముందుగా కనబడేది దాని పరిమాణం. రైలు ఆగేది పైన. క్రింద విశాలమైన హాళ్లు. ఇంతటి స్టేషన్లు కట్టి, వాటిలో అధిక భాగాన్ని ఏళ్ల తరబడి ఖాళీగా వదలివేశారు. ఒక తపాలా కార్యాలయమైనా పెట్టరాదా? చీకటిపడిన తరువాత ఆ మెట్లెక్కే స్త్రీల భయాన్ని గాని, టికెట్ కిటికీ వద్ద ఒంటరిగా కూర్చునే గుమాస్తా భయాన్ని గాని ఏ ప్రణాళికా లెక్కించలేదు.

ఈ మార్గాన్ని చెన్నై మెట్రోలో విలీనం చేయుటకు 2025లో సూత్రప్రాయమైన అంగీకారం లభించినది. స్టేషన్లు బాగుపడితే, ఒకే టికెట్టుపై ప్రయాణం కుదిరితే మాకు సంతోషమే. కాని నగర రైలు నడుపుట రైల్వేలకు చేతకాదనే వాదనను మేము అంగీకరించము. 1984లో ప్రారంభమైన కలకత్తా మెట్రో నేటికీ రైల్వేల చేతిలోనే ఉన్నది. 2010లో దానికి జోన్ హోదా కూడా ఇచ్చారు.

భూములు, బోగీలు, స్తంభాలు ఎవరికి చెందవలెనో తేల్చేవారు మనుషుల సంగతి కూడా తేల్చవలెను. గుమాస్తాలు, పాయింట్స్‌మన్లు, ట్రాక్‌మన్లు, సిగ్నల్ సిబ్బంది ఇష్టపడితేనే బదిలీ కావలెను. నిరాకరించినవారిని దక్షిణ రైల్వేలోనే, సీనియారిటీకి, పింఛనుకు, క్వార్టర్సుకు భంగం లేకుండా కొనసాగించవలెను. ఈ హామీలు ఒప్పంద పత్రంలోనే ఉండవలెనని మేము డిమాండ్ చేస్తున్నాము.