పదమూడు మైక్రాన్ల పని

25 మిల్లీమీటర్ల షాఫ్ట్ మీద బేరింగ్ ఎక్కించాలంటే డ్రాయింగులో తరచుగా కనిపించే గుర్తు కె6. షాఫ్ట్ వ్యాసం 25 మి.మీ. కంటే కనీసం 2 మైక్రాన్లు ఎక్కువ ఉండాలి, 15 దాటకూడదు అని దాని అర్థం. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. అనుమతించిన ఈ తేడానే టాలరెన్స్ అంటారు. ఇక్కడ అది 13 మైక్రాన్లు, తల వెంట్రుక మందంలో దాదాపు ఐదో వంతు.

గ్రైండింగ్ మెషీన్ నుంచి అప్పుడే తీసిన షాఫ్ట్ చేతికి వెచ్చగా తగులుతుంది. కొలిచే పరికరమైన మైక్రోమీటర్ కంటే అది 25 డిగ్రీలు వేడిగా ఉందనుకుందాం. ఉక్కు ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 11.5 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. 25 మి.మీ. వ్యాసానికి లెక్కగడితే 7 మైక్రాన్లు. టాలరెన్స్‌లో సగానికి పైగా వేడే మింగేసింది. కొలిచినప్పుడు పాసైన షాఫ్ట్ చల్లారాక సన్నబడితే, బేరింగ్ లోపలి రింగు దాని మీద జారడం మొదలుపెట్టవచ్చు. జారితే అరుగుతుంది, అరిగేకొద్దీ వేడెక్కుతుంది. పుస్తకంలో ఇది ఒక వాక్యం. పనిగా ఒంటబట్టాలంటే వేడి మీద ఒకసారి, చల్లారాక ఒకసారి కొలిచి, రెండంకెలూ పక్కపక్కన రాసుకోవాలి. అదీ సరైన పరికరంతో. కాలేజీల్లో ఎక్కువగా కనిపించే మైక్రోమీటర్ లీస్ట్ కౌంట్, అంటే అది చూపగల అతి చిన్న తేడా, 10 మైక్రాన్లు. దానితో 13 మైక్రాన్ల తేడాను తేల్చలేం.

ఈ పనికి విద్యార్థికి దొరికే సమయం ఎంత? వారానికి 3 గంటల ల్యాబ్, సెమిస్టరుకు 16 వారాలు, మొత్తం 48 గంటలు. 30 మంది బ్యాచ్‌కు 6 లేత్‌లుంటే ఒక్కోదాని దగ్గర ఐదుగురు, అంటే తలా పది గంటల లోపే. మూడు లేత్‌లు మూలపడితే ఐదు గంటల లోపే. హాజరు, రికార్డు సంతకాలు, కరెంటు లేని పూటలు కూడా ఇందులోంచే పోవాలి.

ఉదాహరణకు సంగారెడ్డి జిల్లా జోగిపేట తీసుకుందాం. అక్కడ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. దగ్గర్లోని సుల్తాన్‌పూర్‌లో 2012లో పెట్టిన జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. సంగారెడ్డి దాటితే కందిలో ఐఐటీ, ఆవల ఎద్దుమైలారంలో 1984 నాటి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, ఆపైన పాశమైలారం, పటాన్‌చెరు, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్. చదువుకూ ఫ్యాక్టరీకీ మధ్య ఒక బస్సు టికెట్టే అడ్డం.

అయినా తెలంగాణలో ఇంజనీరింగ్ సీట్లు పదింటిలో సుమారు ఏడు కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ కోర్సులవే. బ్రాంచికి ఇన్నే సీట్లు అన్న గరిష్ఠ పరిమితిని అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) 2024-25 నుంచి ఎత్తేసింది. జోగిపేట కుర్రాడు అమాయకుడేం కాదు. తొలి జీతాలు పోల్చుకునే ఎంచుకుంటున్నాడు. ఒక్కొక్కరి లెక్కా సరైనదే. కూడితే వచ్చే మొత్తం దగ్గరే చిక్కు.

60 సీట్ల మెకానికల్ సెక్షన్‌లో ఏటా 15 మందే చేరారనుకోండి. నాలుగేళ్లకూ కలిపి 60 మంది. 20 మందికి ఒక అధ్యాపకుడన్న ఏఐసీటీఈ నిష్పత్తిని చేరినవారికే వర్తింపజేస్తే ముగ్గురు చాలు. థర్మల్, డిజైన్, మెటలర్జీ, మెషీనింగ్, మెట్రాలజీ (కొలతల శాస్త్రం), ఫ్లూయిడ్ మెకానిక్స్ అన్నీ ఆ ముగ్గురే చెప్పాలి. మెట్రాలజీ చదివిన మనిషి వెళ్లిపోతే ఆ ఖాళీ కాగితం మీద కనబడదు. సబ్జెక్టు ఇంకొకరి పేరు మీదికి మారుతుంది, అంతే. కొలత పరికరాలు పెట్టెల్లోనే ఉంటాయి. 2024లో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఆధునికీకరించే పని రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. మంచిదే. సీఎన్‌సీ మెషీన్‌ను కొనుక్కు రావచ్చు, టూల్ ఆఫ్‌సెట్ ఎందుకు మార్చాలో చెప్పే మనిషిని అలా తేలేం.

ఈ లోటు బరువు ఫ్యాక్టరీలో తెలుస్తుంది. పాశమైలారం, పటాన్‌చెరు బెల్టులో ఫార్మా పొడులు చేసే ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. గాల్లో తేలే సన్నటి సేంద్రియ పొడి, తగినంత ఆక్సిజన్, కాస్త నిప్పు కలిస్తే పేలుడు. ఆ నిప్పు పుట్టే తెలిసిన మార్గాల్లో వేడెక్కిన బేరింగ్ ఒకటి. 2025 జూన్ 30న పాశమైలారంలో, మాత్రల్లో కలిపే సెల్యులోజ్ పొడి తయారుచేసే ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. దాని కారణాన్ని తేల్చేది దర్యాప్తు. అది బేరింగేనని నేను అనడం లేదు. పొడి ఆరబెట్టే యంత్రం పక్కన షిఫ్టుకు ఒకరైనా బేరింగ్ ఉష్ణోగ్రత చూసి, అది నిన్నటికంటే ఎందుకు పెరిగిందో అర్థం చేసుకుని, యంత్రం ఆపగలిగేవారు ఉండాలి. ఆపే అధికారం కూడా వారి చేతిలోనే ఉండాలి.

2026లో మెకానికల్‌లో చేరినవారు 2030లో బయటికొస్తారు. షిఫ్టు బాధ్యత ఒంటరిగా మోయాలంటే మరో ఐదేళ్లు. ఈ ఏడాది ఖాళీగా మిగిలిన సీటు పటాన్‌చెరులో లోటుగా తేలేది 2035లో. కాలేజీ ఇప్పుడే ఆ సెక్షన్ ఎత్తేస్తే, అప్పటికి దాన్ని మూసి తొమ్మిదేళ్లవుతుంది.